నాలుగో క్యూ

ఆగస్టు 31, ఆదివారం

అన్న ఇంట్లో డబ్బా బిగించి వెళ్లారు. నంద్యాల ఆసుపత్రి వాళ్లే మనిషిని పంపారు. ఆక్సిజన్ మిషన్ పక్కన చిన్న తెల్ల డబ్బా, దాన్నుంచి ఒక వైరు, వైరు చివర వేలికి తొడిగే క్లిప్పు. డబ్బా మీద కరెంటు ఉందని చెప్పే పచ్చ లైటు ఒకటి వెలుగుతుంది, అంకెలేమీ ఉండవు. అంకె కనిపించేది ఆసుపత్రిలో సారమ్మ సిస్టర్ ముందున్న తెర మీద, ఇంకా నా ఫోన్‌లో. వదినది బటన్ల ఫోను.

చర్చి నుంచి నేరుగా ఆళ్లగడ్డ బస్సెక్కాను. నేను వెళ్లేసరికి అన్న దిండ్లకు ఆనుకుని కూర్చుని, ఆ మనిషి చెప్పేదంతా పరీక్షకు చదివే పిల్లాడిలా వింటున్నాడు. రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో క్లిప్పు కొలుస్తుంది. తొంభై దాటి ఉంటే భయం లేదు. బాగా కిందికి పోతే ఆసుపత్రిలో గంట మోగుతుంది, సిస్టర్ ఫోన్ చేస్తుంది, కావాలంటే అంబులెన్స్ పంపుతారు. ఇంట్లో ఇంటర్నెట్ ఉంటే చాలు. అది మా కంపెనీదే. పోయిన ఏడాది నేనే పెట్టించాను.

శాంసన్ అన్నకు నలభై ఆరేళ్లు. మీసాలు రాకముందు నుంచీ రాయి చెక్కుతున్నాడు. నరసింహస్వాములు, ఆంజనేయులు, మన వాళ్ల సమాధులకు సిలువలు. గ్రైండర్లు వచ్చాక పని వేగమైంది, దుమ్ము కూడా అంతకంత పెరిగింది. మూతికి తువ్వాలు చుట్టుకునేవాడు. డాక్టరు ఎక్స్‌రే వెలుగులో పెట్టి ఊపిరితిత్తుల నిండా తెల్లటి చుక్కలు చూపించిన రోజు, ఇదంతా నేను చెక్కిన రాయే గదా సార్ అని నవ్వాడు. డాక్టరు నవ్వలేదు.

ఆ మనిషి వెళ్లిపోయాక రమ్య వదిన డబ్బాను కొంగుతో తుడిచింది. దాని మీద దుమ్మేమీ లేదు.

"ఇంగ నేను పడుకోవచ్చునా ప్రసన్నా? ఆడ వాళ్లు చూస్తాంటారు గదా."

ఆమె సరిగ్గా నిద్రపోయి ఎన్ని నెలలైందో. రాత్రుళ్లు లేచి అన్న ఛాతీ కదులుతోందా లేదా అని చూస్తూ కూర్చుంటుంది. పడుకో వదినా, నిశ్చింతగా పడుకో అన్నాను.

తిరుగు బస్సులో ఫోన్ తీసి చూశాను. 92.

సెప్టెంబరు 3, బుధవారం

మా కంపెనీ ఓనరు ఆదినారాయణ సార్‌తో గొడవ. గొడవ అనకూడదేమో, ఆయన గొంతు పెంచలేదు.

ఆళ్లగడ్డలో ఉన్న వాళ్ల అల్లుడింట్లో సాయంత్రాలు సినిమా ఆగి ఆగి వస్తోందట. ఆ ఒక్క ఇంటిని మొదటి క్యూలో పెట్టమన్నారు. కుదరదన్నాను. ఎందుకు కుదరదో చెప్పమంటే బోర్డు మీద గీసి చూపించాను. నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు వెళ్లే లైను ఒక దారి అనుకోండి. దారి వెడల్పుగా ఉన్నన్నాళ్లూ అందరి ప్యాకెట్లూ, అంటే ముక్కలుగా పోయే సమాచారం, సాఫీగా పోతాయి. ఇరుకైనప్పుడే ఎవరు ముందు అన్న మాట వస్తుంది. అందుకని నాలుగు క్యూలు పెట్టాను. మొదటిది పోలీసు స్టేషన్, బ్యాంకులు, పరీక్షలు జరిగే కాలేజీ. రెండోది ఆసుపత్రులు. మూడోది ఎక్కువ కట్టే గోల్డ్ కస్టమర్లు. నాలుగోది ఇళ్లు. ఒక ఇంటిని ముందుకు తెస్తే రేపు ఇంకో ఇల్లు అడుగుతుంది, చివరికి క్యూలకు అర్థమే ఉండదు.

"మా అల్లుడు నన్ను తిడతాండాడమ్మా, నీకేం తెలుసు" అన్నారు.

"ఇల్లంటే ఇల్లే సార్. మీ అల్లుడిదైనా, మా అన్నదైనా."

ఆయన సరేలే, నీ రూలు నువ్వే కాపాడుకో అని వెళ్లిపోయారు. భూములున్న ఇంట్లో పుట్టిన మనిషి, కేబుల్ టీవీ రోజుల నుంచి ఈ వ్యాపారంలో ఉన్నారు. ఆయనకు కాదని చెప్పిన వాళ్లు ఆఫీసులో ఇంతవరకూ లేరు. ఇంటికి వచ్చేదాకా ఒళ్లంతా తేలిగ్గా ఉంది.

92. పొద్దున 93.

సెప్టెంబరు 6, శనివారం

నిన్నటి నుంచి వాన. కుందూ నది నిండుగా పోతోంది. ఆళ్లగడ్డలో వక్కిలేరు కూడా లేచిందని వదిన చెప్పింది. అన్న రెండు ముద్దలు సంగటి ఎక్కువే తిన్నాడట.

91.

సెప్టెంబరు 8, సోమవారం

శిరివెళ్ల దగ్గర హైవే కింద కల్వర్టు కొట్టుకుపోయింది. దాంతో పాటు మా ఫైబర్ కేబుల్ కూడా. లైన్లు బాగుచేసే శ్రీకాంత్ వాళ్ల టీము వెళ్లి చూసి, నీళ్లు దిగేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వడం లేదని తిరిగి వచ్చింది. బస్సులు కూడా అక్కడికే.

ఇప్పుడు ఆళ్లగడ్డకు మిగిలింది టవర్ల మీది రేడియో లింకు. ఫైబర్ మోసేదాంట్లో అది పిసరంత మోస్తుంది. ఎల్లుండి, ఆవలెల్లుండి అక్కడి కాలేజీలో ఉద్యోగాల పరీక్ష, కంప్యూటర్ల మీద. మధ్యలో లైను ఆగిందంటే అంతమంది పిల్లల ఏడాది పోతుంది. ప్రిన్సిపాల్ ఫోన్‌లో దాదాపు ఏడ్చినంత పని చేశాడు.

రెండు పద్ధతులున్నాయి. ప్రతి క్యూకూ ఎంతో కొంత వాటా ఇవ్వడం ఒకటి. మొదటి క్యూ పూర్తిగా ఖాళీ అయితేనే రెండోది, రెండోది ఖాళీ అయితేనే మూడోది వదలడం ఇంకొకటి. పరీక్ష ఆగకూడదంటే రెండోదే గట్టిది. పొద్దున అదే పెట్టాను. నాలుగో క్యూకు మిగిలింది వస్తుంది. రెండు రోజుల మాటే కదా.

అన్న ఇంటి డబ్బా గురించి ఆలోచించకపోలేదు. అది నిమిషానికోసారి పంపేది ఒక అంకె. మెసేజ్ అంత కూడా ఉండదు. అంత చిన్నది ఎక్కడో ఒక సందు చూసుకుని వెళ్లిపోతుంది. వెళ్తూనే ఉంది కూడా, ఇప్పుడే చూశాను.

92.

సెప్టెంబరు 9, మంగళవారం

92. ఇంకా వానే.

సెప్టెంబరు 10, బుధవారం

పరీక్ష మొదటి రోజు ఒక్క కంప్యూటర్ కూడా ఆగలేదు. ప్రిన్సిపాల్ ఫోన్ చేసి దేవుడు చల్లగా చూస్తాడమ్మా అన్నాడు. ఆదినారాయణ సార్ ఆఫీసులో అందరి ముందూ మెచ్చుకున్నారు.

ఆళ్లగడ్డ ఇళ్ల నుంచి మాత్రం ఫోన్లు ఆగడం లేదు. వీడియోల సంగతి దేవుడెరుగు, ఉత్త మెసేజ్ కూడా పోవడం లేదని తిట్లు. ఫైబర్ తెగింది, ఓపిక పట్టండి అని చెప్పమన్నాను.

మధ్యాహ్నం వదినతో మాట్లాడాను. అన్న బాగా నిద్రపోతున్నాడట, పగలు కూడా పడుకునే ఉన్నాడట. ఇన్నాళ్ల దగ్గు తగ్గింది, ఒళ్లు నిద్ర కోరుకుంటుంది కదా అన్నాను. వదిన గొంతులో చాలా రోజుల తర్వాత అలసట వినిపించలేదు. తనూ కాసేపు పడుకుందట.

సారమ్మ సిస్టర్‌కు కూడా ఫోన్ చేశాను. అన్న అంకె నిలకడగా ఉందని చెప్పింది. అసలు ఆళ్లగడ్డ వైపు ఇలాంటి డబ్బాలున్న రోగులందరూ ఈ వారం ఎంతో నిలకడగా ఉన్నారట, ఒక్క గంట కూడా మోగలేదట. వానకు దుమ్ము అణిగి ఉంటుంది, అందుకే ఊపిరి ఆడుతున్నట్టుంది అనుకున్నాం ఇద్దరం.

92. నిన్నటిలాగే.

సెప్టెంబరు 11, గురువారం

పరీక్ష అయిపోయింది. ఇక పాత పద్ధతికి మార్చాలి.

సార్‌కు ఆ మాట చెప్పబోతుంటే ఆయనే మొదలుపెట్టారు. ఈ రెండు రోజులూ గోల్డ్ వాళ్లు నోరు కట్టుకుని కూర్చున్నారు, ఇప్పుడు క్రికెట్ మొదలవుతోంది, మొదటి క్యూ ఖాళీ అయింది కాబట్టి ఫైబర్ పడేదాకా వాళ్లను బాగా చూసుకుందాం, ఇప్పుడున్నది ఉన్నట్టే ఉంచు అన్నారు. సరే సార్ అన్నాను.

నాలుగో క్యూకు కొంచెం వాటా ఇద్దామని నోటి దాకా వచ్చింది. ఇస్తే తప్పేమీ లేదు. కానీ అడిగితే అన్న కోసం అడిగినట్టు ఉంటుంది. మొన్న అల్లుడి ఇంటికి కాదని, ఇవాళ అన్న ఇంటికి అవునంటే ఆ బోర్డు మీద నేను గీసిన గీతలకు ఏం విలువ? పైగా అవసరం కూడా ఏముంది. 92.

సాయంత్రం వదిన ఫోన్ అన్న చెవి దగ్గర పెట్టింది.

"ఎట్లున్నావన్నా?"

"ఊఁ."

"తిన్నావా?"

చాలాసేపటికి, "తల నొస్తాంది" అన్నాడు. ఆ తర్వాత, "ఆ గ్రైండర్ ఆపమనమ్మా. దుమ్ము లేస్తాంది."

ఈ వానలో గ్రైండర్లెక్కడివి. షెడ్లన్నీ మూసే ఉన్నాయి. నిద్రలో లేపినట్టుంది, కల వచ్చి ఉంటుంది. ఇరవై ఏళ్లకు పైగా ఆ చప్పుడులో బతికిన మనిషికి కలలో మాత్రం ఇంకేం వినపడుతుంది. వదినకు కూడా అదే చెప్పాను. 92 ఉన్న మనిషికి ఏం కాదు వదినా అన్నాను.

సెప్టెంబరు 12, శుక్రవారం

వాన తగ్గింది. శిరివెళ్ల దగ్గర మట్టి పోసి ఒక పక్క దారి వదిలారట. రేపు ఆఫీసుకు సెలవు పెట్టి అన్నను చూసొస్తాను. బత్తాయిలు కొన్నాను.

92.

సెప్టెంబరు 13, శనివారం

అన్న పోయాడు. వదిన ఫోన్ చేసింది. వెళ్తున్నాను.

సెప్టెంబరు 15, సోమవారం

నిన్న మధ్యాహ్నం మట్టి చేశాం.

రాస్తే కొంచెం తెరిపిగా ఉంటుందని కూర్చున్నాను.

శనివారం పొద్దున వదిన కాఫీ తెచ్చేసరికి అన్న గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడట. నిద్రపోతున్నాడు కదా అని కాఫీ మూత పెట్టి, గిన్నెలు తోముకుని, నీళ్లు పట్టుకుని వచ్చిందట. అప్పుడు భుజం పట్టి కదిపింది. ఇంటికి వచ్చిన ఆడవాళ్లందరికీ ఆమె ఈ వరుసలోనే చెప్పింది, కాఫీ, గిన్నెలు, నీళ్లు, భుజం. ఎవరొచ్చినా మళ్లీ మొదటి నుంచీ.

నా దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ఇంకో మాట చెప్పింది.

"లైటు పచ్చగానే ఉండె ప్రసన్నా. రెండు దినాల్నుంచి ఆ మనిషి మాటలు తేడాగా ఉండె, గోర్లు నీలం తిరిగినట్టుండె. నేను లైటునే చూస్తాంటి. ఆడ వాళ్లు చూస్తాండారులే అనుకుంటి."

తర్వాత, పాస్టరు గారు ప్రార్థనకు లేచే ముందు, నెమ్మదిగా అడిగింది. "వాళ్లెందుకు ఫోన్ చేయల్యా?"

వాన కదా వదినా, లైన్లు పోయినట్టున్నాయి అన్నాను. ఆమె తల ఊపింది. నా చెయ్యి పట్టుకుంది. నా చెయ్యి చల్లగా ఉందని రెండు చేతులతో రుద్దింది.

శిల్పుల వీధి నుంచి అందరూ వచ్చారు. పని చేసే చోటి నుంచి అలాగే వచ్చారు, కనుబొమ్మల మీద, చెవుల వెంట్రుకల మీద తెల్లటి పొడి. వాళ్లలో సగం మంది దగ్గుతున్నారు. పెట్టె మోసింది వాళ్లే. శవయాత్ర ఆ వీధిలో పోతున్నప్పుడు ఒక్క మిషన్ చప్పుడు కూడా లేదు. అన్న పని చేసే షెడ్డు ముందు కాసేపు దించారు. లోపల ఆయన సగం చేసిన నరసింహస్వామి నిలబడి ఉన్నాడు. జూలు అయింది, కోరలయ్యాయి, కళ్లు ఇంకా చెక్కలేదు. దాన్ని ఎవరు పూర్తి చేస్తారని పక్కనున్న పెద్దాయన ఇంకొకరిని అడుగుతుంటే విన్నాను.

బత్తాయిలు సంచిలోనే ఉండిపోయాయి. ఎవరో పిల్లలకు పంచారు.

సెప్టెంబరు 16, మంగళవారం

ఫోన్ తెరిచాను.

92.

మట్టిలో ఉన్న మనిషికి 92. అంకె కింద సన్నటి బూడిద రంగు అక్షరాలు ఉంటాయి. చివరిసారి అంకె అందిన సమయం. సెప్టెంబరు 8, ఉదయం.

ఆ అక్షరాలు ఇవాళ కొత్తగా వచ్చినవి కావు. రోజూ అక్కడే ఉన్నాయి. వేలితో కొంచెం పెద్దది చేస్తే చాలు. నేను పెద్ద అంకెనే చూశాను.

సెప్టెంబరు 17, బుధవారం

ఆఫీసులో అందరూ మెల్లగా మాట్లాడారు. శ్రీకాంత్ నా కుర్చీ తుడిచి పెట్టాడు.

నేను చేసింది తప్పు కాదు. రూలు అందరికీ ఒకటే. అన్న ఇల్లు అయినా ఇల్లే. రూలు లేకపోతే ప్రతివాడూ తన వాళ్లను ముందు పెట్టుకుంటాడు. అన్న జబ్బు నయమయ్యేది కాదని డాక్టరు ముందే చెప్పాడు. ఇవాళ కాకపోతే ఇంకో నెలకు.

నేను చేసింది తప్పు కాదు.

ప్యాకెట్ చిన్నదైనా పెద్దదైనా సందు చూసుకుని పోవడం అంటూ ఉండదు. ముందున్న క్యూలో ఒక్క ప్యాకెట్ మిగిలి ఉన్నా వెనకది కదలదు. కదలక, చోటు చాలక, రాలిపోతుంది. పాఠ్యపుస్తకంలో దానికొక పేరుంది, స్టార్వేషన్ అంటారు. ఆకలితో మాడ్చడం. పరీక్షలో పదిసార్లు రాశాను. ఇళ్ల నుంచి మెసేజ్ కూడా పోవడం లేదని ఈ డైరీలోనే రాసి, కింద 92 అని రాశాను. ఇప్పుడు తిప్పి చదివాను. ఒకే పేజీ.

సెప్టెంబరు 18, గురువారం

పొద్దున డబ్బా తిరిగి ఇవ్వడానికి ఆసుపత్రికి వెళ్లాను. సారమ్మ సిస్టర్ నన్ను చూడగానే లేచి వచ్చి దగ్గరికి తీసుకుంది. మా చర్చి మనిషే, అన్న పెళ్లిలో పాటలు పాడింది. తన తెర మీద శుక్రవారం కూడా 92 ఉందని, తను చూస్తూనే ఉందని, ఎట్లా జరిగిందో అర్థం కావడం లేదని కళ్లు తుడుచుకుంటూ చెప్పింది. నన్ను ఊరడించడానికే అనుకుంటాను, తెర నా వైపు తిప్పింది. మిగతా వాళ్లంతా బాగున్నారులే, చూడు అంది.

ఆళ్లగడ్డవి, అహోబిలం దారిలోవి, పేరు పక్కన అంకె, పేరు పక్కన అంకె. 94. 91. 90. 93. నేను కిందున్న సన్న అక్షరాలు చదివాను. అన్నిటికీ అదే తేదీ.

ఆమెకు చెప్పాను. ఇవి ఇప్పటివి కావు సిస్టర్, ఎనిమిదో తేదీవి అని. మొదట ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఫోన్ తీసుకుని ఒక్కో ఇంటికీ చేయడం మొదలుపెట్టింది. కొన్ని మోగాయి. కొన్ని మోగలేదు.

అక్కడి నుంచి నడుచుకుంటూ ఆఫీసుకు వచ్చాను. ఫైబర్ ఇంకా పడలేదు, కొత్త కల్వర్టు వేసేదాకా కేబుల్ లాగనివ్వమంటున్నారు. నేరుగా ఆదినారాయణ సార్ గదిలోకి వెళ్లి, ఊపిరితిత్తుల రోగుల డబ్బాల నుంచి వచ్చే అంకెలను, అవి ఎవరి ఇంట్లో ఉన్నా సరే, ఆసుపత్రుల క్యూలోకి మార్చాలని అడిగాను. కాదంటే ఏం చెప్పాలో దారి పొడుగునా కూడబలుక్కున్నాను. ఉద్యోగం వదిలేస్తానని కూడా.

ఆయన ఆశ్చర్యంగా చూశారు. "చెయ్యమ్మా. దానికి నన్నడగాల్నా?"

కూడబలుక్కున్న మాటలేవీ అక్కర్లేకపోయాయి.

"మీ అన్నకు అంత జబ్బని నాకెవురు చెప్పినారు? ఒక్క మాట చెప్పింటే ఆ పొద్దే చేసుందుము గదా."

ఇల్లంటే ఇల్లే అన్నాను కదా సార్, మీ అల్లుడి ఇంటికి కాదని మా అన్న ఇంటికి ఎట్లా అడుగుతాను అన్నాను.

ఆయన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "మా వానికి సినిమా రాల్యా. అంతే గదమ్మా. అదీ ఇదీ ఒకటెట్లయితాది?"

కోపంగా అనలేదు. నిజంగానే అర్థం కాక అడిగినట్టు అడిగారు. కూర్చోమని టీ తెప్పించారు. నేను నా సీటు దగ్గరికి వచ్చి రూలు మార్చాను.

సెప్టెంబరు 19, శుక్రవారం

నిన్న సాయంత్రం నుంచి అంకెలు వస్తున్నాయి.

అహోబిలంలో పద్మమ్మ అని ఒకామె. గుడికి వచ్చే వాళ్లకు కట్టెల పొయ్యి మీద దోసెలు పోసి పోసి ఊపిరితిత్తులు పాడైన మనిషి. తెర మీద ఇన్నాళ్లూ 91. నిన్న నేను రూలు మార్చిన కాసేపటికి అది 78 అయిందట. గంట మోగింది. సారమ్మ ఫోన్ చేస్తే కొడుకు తీసి, అమ్మ పడుకునే ఉంది, బాగానే ఉంది అన్నాడట. లేపి చూడమంటే లేవలేదు. అంబులెన్స్‌లో తెచ్చారు. ఈ పొద్దున కళ్లు తెరిచింది. బతుకుతుందని డాక్టరు చెప్పాడట.

ఆళ్లగడ్డలోనే ఇంకో ఇంటి నుంచి మాత్రం ఎంతకీ అంకె రాలేదు. 94 అలాగే నిలబడి ఉంది. ఎవరో పొలం కూలీ, పెద్దాయన. ఇవాళ్టికి ఫోన్ కలిసింది. ఆదివారమే పోయాడట. అన్నను మట్టి చేసిన రోజే.

ఆయన పేరు అడగలేకపోయాను.

సెప్టెంబరు 21, ఆదివారం

ఆళ్లగడ్డ వెళ్లి వచ్చాను. వదిన ఒక్కతే ఉంది. అన్న మంచం ఎత్తి గోడకు ఆనించి పెట్టింది. ఆక్సిజన్ మిషన్ ఉన్న చోట నేల మీద నాలుగు గుర్తులు మిగిలాయి.

పద్మమ్మ విషయం ఆమెకు అప్పటికే తెలుసు. సారమ్మ సిస్టర్ ఫోన్ చేసి, మీ ప్రసన్న చేసిన పని వల్లే ఆమె బతికిందని చెప్పిందట. వదిన ఆ మాట చెబుతున్నప్పుడు ఆమె మొహంలో నాకు ఏమీ దొరకలేదు. సంగటి కెలికి, ఊరిబిండి నూరి, నన్ను కూర్చోబెట్టి ముందు పెట్టింది. తనూ ఎదురుగా కూర్చుంది. నేను మొదటి ముద్ద తీసుకోబోతుంటే అడిగింది.

"ఎంతసేపు పట్టింది ఆ పని?"

"ఏ పని వదినా?"

"అదే. సిస్టర్ చెప్పింది. ఆ అంకెలు పోయేటట్టు నువ్వు చేసిన పని."

ఆ రోజు రూలు మార్చి, సరిచూసుకుని, సేవ్ చేసి సార్ గదికి తిరిగి వచ్చేసరికి ఆదినారాయణ సార్ తెప్పించిన టీ ఇంకా పొగలు కక్కుతోంది. తాగితే నాలుక కాలింది.

"రోజంతా పట్టింది వదినా" అన్నాను. "హైదరాబాదు వాళ్లతో మాట్లాడాల్సి వచ్చింది. మిషన్లు మార్చాల్సి వచ్చింది. ఆ వానలో చేద్దామన్నా కుదిరేది కాదు."

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. మిషన్లు అని కూడా అన్నాను.

వదిన నీళ్ల గ్లాసు నా వైపు జరిపింది. వీధి చివర ఎవరో గ్రైండర్ వేశారు. తర్వాత ఆమె పెద్దగా ఊపిరి వదిలింది, వారం నుంచీ బిగబట్టుకున్నదేదో వదిలినట్టు.

"అంత పనా. నేనేందేందో అనుకుంటి ప్రసన్నా. రాత్రిళ్లు నిద్ర పట్టక, నీ మీద కూడా ఏందేందో అనుకుంటి. మనసులో పెట్టుకోవద్దు. నువ్వు మాత్రం ఏం చేస్తావులే." నా తల మీద చెయ్యి వేసింది. "తిను. చల్లారిపోతాంది."

తిన్నాను. ఇంకో ముద్ద పెట్టింది. అదీ తిన్నాను.